కారు జాలీ వెనుక దోమతెర

ఎన్నో వేసవులుగా నేను మోస్తున్న ఈ బరువును చేతిలోకి తీసుకుని తూచితే ఏమంత ఉండదు. అది ఒక దోమతెర ముక్క. రెండు మడతలు వేసి, అంచులు కుట్టి, మా కారు ముందు జాలీ వెనుక నేనే కట్టినది. ఈ సంగతి మావారికి కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నానేమో. ఇది ధైర్యమా, మరొక రకం పిరికితనమా? తేల్చుకోలేకపోతున్నాను.

నేను ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసినదానిని. మావారికి ఎనుమాముల మార్కెట్‌లో రైతుల పత్తీ మిరపా కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. ఉద్యోగం ముగిసిన తరువాత రోజూ మధ్యాహ్నం హనుమకొండలోని మా ఇంటి నుండి దుకాణానికి కారులో భోజనం తీసుకుపోవడం నా పని అయింది. కారు నడిపేవాడు సమ్మయ్య. నలభై దాటిన మనిషి. మాటకారి. నన్ను టీచరమ్మా అని పిలిచేవాడు.

కారు విషయంలో నాకు కొన్ని నియమాలుండేవి. ఎండలో నిలిపినప్పుడు ముందు అద్దానికి వెండిరంగు అట్ట అడ్డం పెట్టాలి. బయలుదేరేటప్పుడు నాలుగు అద్దాలూ దించి, లోపలి వేడిగాలి పోయిన తరువాతనే ఏసీ వేయాలి. చల్లబడ్డాక లోపలి గాలే తిరిగే మీట నొక్కాలి. ఇవన్నీ చదివి తెలుసుకున్నవి. సమ్మయ్య వీటిని తూచా తప్పకుండా పాటించేవాడని చెప్పను. నేను వెనుక సీటులో కూర్చుని గుర్తుచేస్తే పాటించేవాడు.

పత్తి కాలంలో మార్కెట్ యార్డు మీది గాలి తెల్లగా ఉంటుంది. దూది నూగు వచ్చి కారు ముందు జాలీకి అంటుకునేది. దాని మీద మిరప దుమ్ము. చూడడానికే నాకు కష్టంగా ఉండేది. మా దుకాణంలోనూ పక్క దుకాణాల్లోనూ కూలర్ల వెనుక దోమతెర కడతారు, నూగు లోపలికి పోకుండా. అది చూసి కారుకు కూడా ఆ ఏర్పాటు ఎందుకు ఉండకూడదనుకున్నాను. సమ్మయ్య సమ్మక్క జాతరకు పోయి ఉన్న రోజుల్లో పాత నల్ల దోమతెర కత్తిరించి, బానెట్ ఎత్తి, జాలీకీ లోపలి కండెన్సర్‌కూ మధ్య సన్నని తీగతో కట్టాను. ఏసీ లాగిన వేడిని బయటి గాలిలోకి వదిలేది ఆ కండెన్సరే. దానికి గాలి తగలాలి. ఆ మాట కూడా నేను చదివే ఉన్నాను. దుమ్మును ఆపేది గాలిని కూడా ఆపుతుందని నాకెందుకు తోచలేదు?

దుకాణంలో కూలర్ తెరను ప్రతి సాయంత్రమూ దులుపుతారు. నేను కట్టినదానిని దులపలేదు. జాతర నుండి వచ్చిన సమ్మయ్యకు చెప్పనూ లేదు. మరచిపోయానా? అవుననే అనుకుంటూ వచ్చాను. కానీ కట్టిన రోజున నా పనితనానికి నేనే ఎంత మురిసిపోయానో గుర్తున్నప్పుడు, కట్టిన సంగతే ఎలా మరచిపోయాను?

ఎండలు ముదిరాయి. కారు కదులుతున్నప్పుడు ఏసీ నుండి కాస్త చల్లగాలి వచ్చేది. కూడలిలో ఆగితే వేడిగాలి. మెకానిక్‌కు చూపించాము. అతడు తొందరలో ఉన్నాడు. బానెట్ ఎత్తి గొట్టం తగిలించి, గ్యాస్ సరిపోయేంత ఉందని చెప్పి పంపించాడు. గ్యాస్ లోపం కాదు, నా నియమాల లోపం అసలే కాదు. ఇక మిగిలింది మనిషి. అలా లెక్క కట్టాను.

ఒకనాడు దుకాణం నుండి తొందరగా బయటికి వచ్చాను. కారు ఇంజిన్ నడుస్తూ ఉంది. సమ్మయ్య సీటు వెనక్కు వాల్చి నిద్రపోతున్నాడు. అతని ముఖం నిండా చెమట. ఏసీ వేసుకుని పడుకున్న మనిషికి అంత చెమట ఎందుకు పట్టింది? ఆ ప్రశ్న నాకు అప్పుడే రావలసింది. జీవితమంతా పిల్లలను ప్రశ్నలు అడిగిన దానిని. రాలేదు.

“ఇదేనా నువ్వు కారు చూసుకునే తీరు?” అన్నాను.

అతడు గబుక్కున లేచాడు. “జర కన్నంటుకున్నది టీచరమ్మా. ఎండకు పానం ఆగుతలేదు.”

“రోజూ ఇదే పనన్నమాట. అందుకే ఏసీ పాడయింది.”

“పండుకున్నది నిజమే, కాదంటనా? ఇంతకుముందు గూడ రెండు మూడుసార్లు పండుకున్న. గని బండి ఖరాబైంది నాతోటి కాదు. ఎండకాలం షురూ అయినకాన్నుంచి ఇది గిట్లనే ఉన్నది. మా అత్తగారింట్ల ఫ్యాన్ లెక్క, సప్పుడే గని గాలి లేదు.”

మరొక రోజైతే నవ్వేదాన్నేమో.

“పరాచికాలు చాలు. తాళాలు ఇటివ్వు. రేపటి నుండి రానక్కరలేదు.”

“ఇంటికాడ ఇస్త. ఇప్పుడు మిమ్ముల ఎండల నిలవెట్టి పోతనా?”

అద్దాలు దించి ఇంటిదాకా నడిపాడు. తాళాలు నా చేతికిచ్చి, పోబోతూ ఆగాడు.

“నన్ను తీసేసుడు మీ ఇష్టం అమ్మా. గని బండి ఖరాబ్ చేసిండని మాత్రం ఎవ్వరికి చెప్పకుండ్రి. డ్రైవర్ మీద గా మాట పడ్డదంటె మల్ల ఎవ్వలు స్టీరింగ్ ఇయ్యరు.”

“నేను అబద్ధం చెప్పే మనిషిని కాను” అన్నాను.

అతడు అడిగినది అది కాదు. నాకు తెలుసు. అయినా అదే జవాబిచ్చాను.

తరువాత కొన్నాళ్ళకు దోమతెరలు ఉతికి మేడ మీద ఆరవేస్తుంటే ఒకటి సగమే ఉంది. కత్తిరించిన అంచు నా కత్తెర పనే. ఎంతసేపు దానిని పట్టుకుని నిలబడ్డానో. దిగివెళ్ళి బానెట్ ఎత్తాను. తీగ విప్పి బయటికి లాగితే వచ్చినది తెర కాదు, నూగూ దుమ్మూ పేరుకుని మందమైన బొంత. మిరప ఘాటుకు తుమ్ములు ఆగలేదు. పాత పేపరులో చుట్టి చెత్తబుట్టలో వేశాను.

ఆ సాయంత్రం ఏసీ చల్లగా వచ్చింది. అయితే ఇక్కడే నాకు అంతా గజిబిజి అవుతుంది. ఆ ముందు రోజే వాన పడి ఊరు చల్లబడింది. ఆ వారంలోనే కొత్త డ్రైవర్ మరొక చోట ఏసీకి గ్యాస్ నింపించుకుని వచ్చాడు. కాబట్టి చల్లదనం తెర తీసినందువల్లనే వచ్చిందని ఎలా అనగలను? నిలిపిన కారులో ఏసీ వేసుకుని పడుకోవడం వల్ల కూడా కొంత చెడి ఉండవచ్చు కదా? ఈ వాదాన్ని ఎన్నిసార్లు పేర్చుకున్నానో. పేర్చిన ప్రతిసారీ ఆ బొంత గుర్తుకు వచ్చి కూలిపోతుంది. మళ్ళీ పేర్చుతాను.

ఇంతవరకే అయితే ఇది పొరపాటు. నా తప్పు దీని తరువాతిది.

నాతో పనిచేసిన ఒక ఉపాధ్యాయిని కొత్తగా కారు కొన్నది. సమ్మయ్య ఆమె దగ్గరికి పని కోసం పోయాడు. నా దగ్గర చేశానని తానే చెప్పాడట. ఎలాంటివాడని ఆమె నాకు ఫోన్ చేసింది. తెర నా చేతులతో తీసి పారవేసిన తరువాత సంగతి ఇది. గుర్తుంచుకోండి, తరువాత. నేను ఏమన్నానంటే, “మనిషి మంచివాడే. కాకపోతే ఇంజిన్ నడిపి, ఏసీ వేసుకుని బండిలో పడుకుంటాడు. మా ఏసీ అప్పుడే పాడయింది.”

ఇందులో అబద్ధమేదీ లేదు. ఒక్కొక్క మాటనూ విడదీసి చూశాను. పడుకున్నది నిజం. ఏసీ పాడయినది నిజం. అప్పుడే అన్నదీ నిజం. నిజాలను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి అబద్ధం పని చేయించాను. ఎందుకు? తెర సంగతి చెబితే ఆమె నవ్వుతుందనా? టీచరమ్మకే తెలియలేదా అంటుందనా? అంత చిన్న భయానికి ఒక మనిషి అన్నం అడ్డుకుంటారా? లేక అప్పటికే అతడు దోషి అని నా మనసు నిజంగా నమ్మేసిందా? ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో నాకు గుర్తులేదు. గొంతు మాత్రం తడబడలేదు. అది గుర్తుంది.

ఆమె అతడిని పెట్టుకోలేదు. ఆమె మరెవరితో చెప్పిందో తెలియదు. హనుమకొండలో కార్లున్న ఇళ్ళలో అతనికి పని దొరకలేదని మాత్రం విన్నాను.

పోయిన వేసవిలో ములుగు రోడ్డులో ఒక జీపు పక్కన మా కారు ఆగింది. తడి తువ్వాల తలకు చుట్టుకుని స్టీరింగ్ వెనుక సమ్మయ్య. జీపు నిండా జనం. నన్ను చూసి అద్దం దించమని సైగ చేశాడు. దించాను. వడగాలి ముఖానికి కొట్టింది.

“ఏసీ మంచిగైందా టీచరమ్మా?” అన్నాడు.

తల ఊపాను. “మంచిదాయె” అని జీపు ముందుకు పోనిచ్చాడు. ఎలా బాగయిందని అడగలేదు. తెలిసే అడగలేదా? ఎత్తిపొడిచాడా, నిజంగానే సంతోషించాడా? ఆ రెండు మాటలను ఎన్ని విధాలుగా పలికి చూసుకున్నా అర్థం తేలడం లేదు.

అతడిని వెతికి క్షమాపణ చెప్పుకోవచ్చు కదా అని మీరడుగుతారు. నన్ను నేనూ అడుగుతాను. ఆ ఉపాధ్యాయినికి ఒక్క ఫోన్ చేయవచ్చు. చేయలేదు. రేపు చేస్తానని మాట ఇవ్వలేను. ఇచ్చి తప్పితే అది మరొక తప్పవుతుంది. ఇంతవరకు నేను చేయగలిగినది ఆమెకు ఆనాడు చెప్పవలసిన జవాబును ఈనాడు ఇక్కడ రాయడమే.

సమ్మయ్య మా కారును పాడుచేయలేదు. నేను చేశాను. అది తెలిసిన తరువాత కూడా నింద అతని మీద ఉండనిచ్చాను.

రాసి, అలవాటు ప్రకారం మళ్ళీ చదివాను. దిద్దవలసినది ఏమీ కనిపించలేదు. గుండె మీద నుండి ఎవరో చేయి తీసినట్టు కాస్త తేలికగా ఉంది. అంతే.