మారు వడ్డించిన మనస్సు

ఈ రోజు ఆనందం పట్టలేక రాస్తున్నానండీ! మా కలిదిండి చర్చిలో మా అమ్మాయి సండే స్కూల్ పిల్లలకి మారుమనస్సు గురించి, అంటే చేసిన తప్పు ఒప్పుకుని మనసు మార్చుకోవడం గురించి చెబుతోంది. ఏడేళ్ళ రూతు లేచి, "మారు అంటే రెండోసారి అన్నం పెట్టించుకోవడం కదా టీచర్?" అంది. పిల్లలందరూ ఒకటే నవ్వు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"అవునమ్మా. మొదట పెట్టింది ఒలకబోసుకున్నావు. దేవుడు మళ్ళీ పెడితే ఏం చేస్తావ్?"

రూతు తన సంచిలోంచి ఎర్ర రిబ్బను తీసి పక్కనున్న మేరీకి ఇచ్చేసింది. "పోయినవారం నేనే తీశానే. చూడలేదని అబద్ధం కూడా చెప్పాను," అని భోరుమంది. మేరీ రిబ్బను తీసుకుని, రూతు పక్కకి ఇంకా దగ్గరగా జరిగింది.

డెబ్బై ఏళ్ళుగా వింటున్న మాట ఈ రోజు మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నానండీ! మధ్యాహ్నం చేపల పులుసు మారు అడగబోయి ఆగిపోయాను. నా సంచిలోనూ ఒకరి రిబ్బను ఉంది. మరి మీ సంచిలోనో?