పర్దా మోటారు

ప్రమీలాదేవి తాతకు ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. పెట్రోలు డబ్బాకు తాళం వేసేవాడు. పాలుపోసే మనిషి ఎదుటే గోటి మీద పాలచుక్క వేసుకుని చూసేవాడు. ఇద్దరు కొడుకులు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటుంటే దగ్గుకుంటూ వెళ్లి వాళ్ల నడుమ కూర్చునేవాడు. అలాంటి మనిషి 1943 ఎండాకాలంలో, సిద్దిపేటలోని తమ ఇంటి వాకిట్లో అందరినీ నిలబెట్టి, తన నల్ల మోటారును పదహారేళ్ల మనవరాలికి ఇచ్చేశాడు.

"గీ మోటారు ఇయ్యాల్టిసంది ప్రమీలది. కాయితాలు గూడ దాని పేర్నే రాయించిన. పెద్దోనికిస్తే చిన్నోడు గుంజుకుంటడు. చిన్నోనికిస్తే అమ్ముకుంటడు. దాన్ని అడుగకుంట ఎవ్వడు ముట్టొద్దు" అన్నాడు.

పెద్దోడంటే ప్రమీల తండ్రి దామోదర్. ఆయన నవ్వి ఊరుకున్నాడు. చిన్నోడు ఆమె చిన్నాయన యాదగిరి. మిరుదొడ్డిలో ఉన్న వాళ్ల భూముల పెత్తనం అతనిదే. భార్య అక్కడే ఉండేది, అతను రెండిళ్ల మధ్య తిరిగేవాడు. అతను నవ్వలేదు. మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని చెప్పుతో తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలంలోనే తాత పోయాడు. పోయేముందు కూడా ప్రమీలను దగ్గరికి పిలిచి, "మీ చిన్నాయిన నవ్వుకుంట అడిగినా ఇయ్యకు బిడ్డా" అనే చెప్పాడు.

ఆ ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాళ్ల కంట పడకూడదు. అందుకని మోటారు వెనక సీటు చుట్టూ మందమైన ఎర్రటి పర్దాలు కట్టి ఉండేవి. ఊళ్లో అందరూ దాన్ని పర్దా మోటారు అనేవాళ్లు. అది బజారులోకి వస్తే జనం పక్కకు తప్పుకుని తల వంచుకునేవాళ్లు. లోపలి నుంచి ప్రమీలకు లోకం ఎర్రగా, సన్నగా, పర్దా సందులో పట్టినంతే కనబడేది. తన మోటారు ముందు నుంచి ఎట్లా ఉంటుందో ఆమె సరిగా చూసిందే లేదు.

మోటారు నడిపేవాడు ఇస్తారి. పొట్టి మనిషి. ఇస్టీరింగు పైనుంచి రోడ్డు కనబడదని సీటు మీద ఒక పాతబొంతను మడతపెట్టి దాని మీద కూర్చునేవాడు. మిరుదొడ్డి వాడే. అవ్వ అని అతను పిలిచే తల్లి ఎల్లవ్వ అక్కడే ప్రమీల వాళ్ల పొలాల్లో కూలి చేసేది. ప్రతి ఆదివారం ఇస్తారి ప్రార్థనకని సెలవు తీసుకునేవాడు.

ప్రమీల ఒకరోజు పర్దా వెనకనుంచే అడిగింది. "ఇస్తారీ, నాకు నడుపుడు నేర్పుతవా?"

అతను చప్పున బిరేకు వేశాడు. "మీ బాపు పెద్దదొరకు తెలిస్తే నా తోలు తీస్తడు చిన్నదొరసానీ."

"మోటారు ఎవరిది?"

ఇస్తారి ఆలోచించి, "మీదే" అన్నాడు.

ఊరు దాటాక, మనుషులు తిరగని బీడులో నేర్పాడు. తల్లి రాధమ్మ వెనక సీట్లో కూర్చుని, వద్దంటూనే పర్దా సందులోంచి చూసేది. మొదటిసారి మోటారు తన కాలి కింద కదిలినప్పుడు ప్రమీల గట్టిగా అరిచింది. భయంతోనో సంతోషంతోనో ఆమెకే తెలియలేదు. ఎదురుగా ఏ పర్దా లేదు. తంగేడు పొదలూ, గుట్టలూ, ఆకాశమూ పొడుగ్గా పరుచుకుని ఉన్నాయి. ఇంటికి వచ్చాక చాలాసేపు ఆమె చేతులు ఇస్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

ఆ సంతోషం మరుసటి ఏడు దాకా కూడా నిలవలేదు.

అవి యుద్ధం రోజులు. పండించినవాడి దగ్గర సర్కారు లేవీ కింద గల్లా, అంటే ధాన్యం, తీసుకునేది. పర్మిటు లేకుండా బస్తా గింజలు కూడా ఊరు దాటించకూడదు. సిద్దిపేట బయట రోడ్డు మీద నాకా పెట్టి, బండ్లను ఆపి గడ్డి కూడా పొడిచి చూసేవాళ్లు. బజారులో జొన్నలు దొరక్క జనం గంజికి కూడా మొహం వాచిపోయారు. దొంగచాటుగా దొరికే గింజల ధర మాత్రం కొనేవాళ్ల కళ్లు తిరిగేలా ఉండేది.

ఒక సోమవారం పొద్దున ప్రమీల గుడికి పోదామని మోటారు ఎక్కింది. కాలికింద ఏదో గరగరలాడింది. వంగి తీసి చూస్తే జొన్న గింజలు. అంతలో ముందు సీటు దగ్గర ఇస్తారి గొణగడం వినబడింది.

"ఏమైంది?"

"నా బొంత, దొరసానీ. సీటు మీద లేదు. వెనక్కేమన్న వడ్డదా?"

బొంత ఆమె కాళ్ల దగ్గరే, చుట్టచుట్టి విసిరేసినట్టు పడి ఉంది. ఆమె దాన్ని పర్దా కిందనుంచి అందించింది. గింజల మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియదు. తాత రక్తం కాబోలు.

రాత్రి పడుకుని ఆలోచించింది. నిన్న ఆదివారం. ఇస్తారి సెలవు. మోటారు ఉండే కొట్టం ఇంటి వెనక, కంచరోళ్ల గల్లీ వైపు ఉంది. పొద్దంతా సుత్తెల మోతే. మోటారు కదిలినా లోపలి ఆడవాళ్లకు వినబడదు. మోటారు తాళం చెవి ఒకటి తన కొంగుకు ఉంది. ఇంకొకటి ఇస్తారి పోయేటప్పుడు కచేరీ గదిలో కొక్కేనికి తగిలిస్తాడు. ఆ గదిలోకి తండ్రి వస్తాడు, చిన్నాయన వస్తాడు, పనివాళ్లూ వస్తారు. ఆ రోజు నుంచి అన్నం వడ్డించేటప్పుడు కూడా ఆమె అందరి ముఖాలూ చూడసాగింది.

మళ్లీ ఒక సోమవారం తల్లీ కూతుళ్లు మిరుదొడ్డికి బయలుదేరారు. నాకా దగ్గర ముసలి జవాను తల వంచుకుని, పర్దాకు అల్లంత దూరాన నిలబడి అడిగాడు.

"ఏం దొరసానమ్మా, నిన్ననే గద పోయి వచ్చిన్రు. ఇయ్యాల మళ్ల పయనమేనా? అక్కడందరు పాణం మంచిగున్నరా?"

నిన్న ప్రమీల గడప దాటలేదు. ఆమె తల్లి వైపు చూసింది. రాధమ్మ ముఖం తిప్పుకుని, పర్దా అంచును వేళ్లతో సవరిస్తోంది.

"నిన్న నడిపిందెవరు?" అని ప్రమీల అడిగింది.

"మాకేం ఎరుక అమ్మా. పర్దా మోటారు అచ్చిందంటే మేం తలకాయ ఎత్తం. లోపట ఆడోళ్లున్నరని చెప్పిన్రు, ఇడిసిపెట్టినం."

ముందు సీట్లో ఇస్తారి మెడ బిగుసుకుపోవడం ఆమెకు పర్దా సందులోంచి కనబడింది.

ఇంటికి వచ్చాక ప్రమీల జవాను మాటను తండ్రికి చెప్పింది. యాదగిరి అక్కడే ఉన్నాడు. తమలపాకుకు సున్నం రాసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"గిండ్ల ఆలోచన చేసేదేముందే? ఆదివారం వాడు ప్రార్థనకు పోతుండంటే మీరు నమ్ముతున్రా? మోటారు తీస్కపోయి కిరాయికి తిప్పుతుండు. వాని తల్లి ఉండేది మిరుదొడ్డిలనే గద."

దామోదర్ ఇస్తారిని పిలిపించాడు. ఇస్తారి వాకిట్లో నిలబడ్డాడు.

"నేను తియ్యలే దొరా. చెవి మీ ఇంట్లనే పెట్టిపోత. మా పాస్టరుగారిని అడుగుండ్రి."

"ఎదురు మాట్లాడుతుండు చూడు" అన్నాడు యాదగిరి.

లోపలి గది తలుపు వెనకనుంచి ప్రమీల, "బాపూ, ఇస్తారి పొట్టి మనిషి. బొంత లేకుంటే నడపలేడు. ఆ బొంతను తీసి పారేసింది వేరే ఎవరో" అంది.

దామోదర్ తలుపు వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. "నువ్వు లోపలికి పో" అన్నాడు కూతురితో. ఇస్తారిని ఆ పూటే పనిలోంచి తీసేశారు. కొక్కేనికి ఉండే తాళం చెవి యాదగిరి జేబులోకి వెళ్లింది.

ఇస్తారి పోయాక కూడా సోమవారాల్లో మోటారులో గింజలు దొరికాయి. ఈసారి ఆమె వాటిని ఏరి, తలగడ కింద దాచుకుంది. తల్లికి చూపిస్తే, "జాడించెయ్యి. ఎలుకలొస్తయి" అంది రాధమ్మ. అంతకుమించి ఏమీ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున, సుత్తెలు మోగడం మొదలైన వేళకు ప్రమీల కొట్టంలోకి వెళ్లి మోటారు వెనక సీట్లో కూర్చుంది. కాసేపటికి యాదగిరి వచ్చి తలుపు తీశాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"గిదేంది?"

"మిరుదొడ్డికి పోతున్నవా చిన్నాయినా? నేను గూడ వస్త."

"నేనెక్కడికి పోత లేను."

"అయితే చెవి నాకియ్యి."

యాదగిరి ఆమె వంక చూసి, నవ్వాడు. తాత చెప్పిన నవ్వు ఇదే కావచ్చు అనుకుంది. "రా మరి. మీ చిన్నమ్మను జూసినట్టుంటది" అంటూ మోటారు ముందుకు వెళ్లి, ఇంజను లేపే హ్యాండిల్ తిప్పాడు.

మిరుదొడ్డిలో ఆమెను లోపలికి పంపి, పొద్దు వాలేదాకా చిన్నమ్మతో మాటల్లో పెట్టించాడు. "ఇయ్యాల గిక్కడనే పండుకో, రేపు పంపుత" అన్నాడు. ఆమె వినలేదు. నడిచి వెళ్లి మోటారు పర్దా ఎత్తింది. సీటు మీదా కిందా బస్తాలు నింపి, పైన ఆడవాళ్ల చీరలు కప్పి ఉన్నాయి. లేవీ పేరు చెప్పి కూలోళ్ల దగ్గర, చిన్న రైతుల దగ్గర కొలిపించుకున్న జొన్నలు అవి. చీరల్లో ఒకటి తన చీరే. ఆమె బస్తాల నడుమ ఇరుక్కుని కూర్చుంది. దించేయాలంటే పనివాళ్ల ముందు చెయ్యి పట్టి లాగాలి. యాదగిరికి అంత ధైర్యం లేకపోయింది.

నాకా దగ్గర మోటారు ఆగింది.

"లోపట ఆడోళ్లున్నరు" అన్నాడు యాదగిరి.

ఈసారి ఆ మాట నిజమే. జవాను తల వంచుకుని, రోడ్డుకు అడ్డంగా ఉన్న కట్టె ఎత్తడానికి వెళ్తున్నాడు. ప్రమీల పర్దా పట్టుకుని పూర్తిగా పక్కకు లాగేసింది.

ముసలి జవాను అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు. "పర్దా ఏస్కోండ్రమ్మా" అన్నాడు కంగారుగా.

"కండ్లు తెరిచి చూడు" అంది ప్రమీల. "నన్ను కాదు. బస్తాలను."

ఆ సాయంత్రం రోడ్డు మీద ఉన్నవాళ్లంతా ఆమె ముఖం చూశారు. యాదగిరి ఇస్టీరింగు మీద చేతులు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మోటారును పట్టుకుని ఠాణా ఆవరణలో పెట్టారు. గల్లా జప్తు అయింది. జుర్మానా కట్టి యాదగిరి బయటపడ్డాడు. ఆ తర్వాత సిద్దిపేట ఇంట్లో అన్నదమ్ముల నడుమ గోడ లేచింది. చిన్నాయన బతికినన్నాళ్లూ ప్రమీలతో మాట్లాడలేదు. ఆడపిల్ల బజారులో పర్దా తీసిందన్న మాట మాత్రం ఊరూరా తిరిగింది. కుదిరిందనుకున్న సంబంధం ఒకటి కారణం చెప్పకుండానే తప్పిపోయింది. మోటారు విడుదలయ్యేసరికి చక్రాలు కూడా పనికిరాకుండా పోయాయి. వచ్చిన ధరకు ఎవరికో ఇచ్చేశారు.

ఇస్తారి అప్పటికే బొగ్గు బస్సు నడుపుతున్నాడు. పెట్రోలు దొరక్క వెనక బొగ్గు పొయ్యి కట్టి నడిపే బస్సు అది. ఒకనాడు ప్రమీల అతన్ని ఇంటికి పిలిపించింది.

"నీ మీద మాట వడ్డది. బాపుతోని చెప్పి మళ్ల ఏదన్న పని ఇప్పిస్త" అంది.

"వద్దు చిన్నదొరసానీ. బస్సు మంచిగనే ఉన్నది." అతను వెళ్తూ వెళ్తూ అన్నాడు. "పెద్దదొరసానికి మా అవ్వ దండం చెప్పమన్నది. పని పోయిన నాటిసంది మీ అమ్మ పంపిన జొన్నలతోనే పొయ్యి మండింది మాకు."

ప్రమీలకు ఏమీ అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. దొంగ అనుకున్నవాడి ఇంటికి అమ్మ గింజలు పంపదు. లోపలికి వెళ్లేసరికి రాధమ్మ చేటలో పప్పు చెరుగుతోంది.

"అమ్మా, ఇస్తారి తియ్యలేదని నీకు ముందే తెల్సు గద?"

రాధమ్మ చేట ఆపలేదు. "తెల్సు."

"చిన్నాయిననే అని గూడ తెల్సు."

"ఊఁ."

"మరి ఎందుకు ఊకున్నవే? ఇస్తారి వాకిట్ల నిలవడ్డప్పుడన్న నోరు విప్పద్దా?"

అప్పుడు చేట ఆగింది. రాధమ్మ వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మీ చిన్నాయిన ఒక్కడే ఉన్నడో, మీ బాపు గూడ అండ్ల ఉన్నడో నాకు తెల్వకుండె బిడ్డా. తెల్సుకుందామంటే భయమైంది."

ప్రమీల ఆమె పక్కనే కూలబడింది. ఆ రోజు వాకిట్లో తండ్రి తలుపు వైపు చూసి, తర్వాత తమ్ముడి వైపు చూసిన చూపు గుర్తుకొచ్చింది. దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఒక అర్థం నిలవలేదు.

తర్వాత ఆమెకు కుకునూరుపల్లిలో పెళ్లయింది. పెనిమిటి రెండు బావుల వ్యవసాయం చేసుకునే నెమ్మదైన మనిషి. ఆ ఇంట్లో పర్దాలు లేవు. పొలానికి వెళ్లి కలుపు తీయించేది, అంగడికి వెళ్లేది. మోటారు మాత్రం మళ్లీ నడపలేదు. దామోదర్ ఏటా మామిడిపండ్ల గంప పట్టుకుని బిడ్డను చూడటానికి వచ్చేవాడు. ముసలితనం మీద పడ్డాక ఒకసారి, అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"నీ మోటారు మంచిగుండె బిడ్డా. ఉంచుకోవాల్సింది."

ప్రమీల ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్లు రోడ్డు మీద ఉన్నాయి. అమ్మ తెలుసుకోవడానికి భయపడ్డ ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది.

"చాయ పెట్టుకొస్త బాపూ" అని లేచి లోపలికి వెళ్లింది.