పిట్ట ముట్టని మిద్దె

అరబ్బు ఊరు ఉనైజాలో పాత బజారు వెనక ఉన్న మట్టి మిద్దెను బాగుచేసి ఊరివాళ్ళ సాంస్కృతిక కేంద్రంగా తెరుస్తారని తెలిసినప్పుడు, ఆ పనికి జనార్దన్‌ను ఎవరూ పిలవలేదు. తనే వెళ్ళి అడిగాడు. అప్పటికి ఖర్జూర తోటలో నీళ్ళు పెట్టే పనిలో ఉన్నాడు. నీడపట్టున పని, తన కాగితాలు చూసే కఫీల్ కూడా మంచివాడు. అలాంటి చోటు వదిలి, యాభై దాటిన వయసులో మట్టి తొక్కడానికి పోతానంటే తోటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఎందుకో చెప్పాలంటే జనార్దన్ ఎల్లన్న సంగతి చెప్పాలి. అది అన్నం తింటూ చెప్పుకునే సంగతి కాదు.

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి మీసాలు సరిగా రాని వయసులో ఈ దేశం వచ్చాడు జనార్దన్. వచ్చి మొదట పడుకున్నది ఈ మిద్దెలోనే. ఇంటివాళ్ళు అప్పటికే ఊరి చివర సిమెంటు విల్లా కట్టుకుని పోయారు. పాత మిద్దెను కూలివాళ్ళకు అద్దెకిచ్చారు. కింద పాకిస్తాన్ వాళ్ళు, పై గదిలో మనవాళ్ళు. పై గదికి పెద్ద దిక్కు ఎల్లన్న. కిటికీకి తడి గోనె కట్టి గదిని ఎలా చల్లబరచాలో, ఎవరి ముందు నోరు మూసుకోవాలో, ఇంటి మీద బెంగ పుడితే ఏం చేయాలో జనార్దన్‌కు ఆయనే నేర్పాడు. బెంగకు ఆయన దగ్గర ఒకటే మందు, పాట. శుక్రవారం సెలవు పూట వాకిట్లో నూనె డబ్బా బోర్లించి, పక్క వీధికి వినపడకుండా వేళ్ళతో దరువేస్తూ ఎల్లమ్మ కథ పాడేవాడు. కింది గదివాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా వచ్చి కూర్చునేవారు. ఆ మాటకొస్తే ఆ మిద్దెలో సాంస్కృతిక కేంద్రం అప్పుడే నడిచింది. దానికి బోర్డు లేదు, అంతే.

అలాంటి ఒక శుక్రవారం ఎల్లన్న అన్నం తిని నడుం వాల్చాడు. జనార్దన్ చాయ్ పట్టుకొచ్చి లేపితే లేవలేదు.

శవం ఆసుపత్రిలో ఉంది. కాగితాలన్నీ అయి అది ఇంటికి చేరడానికి నెల పైనే పడుతుందన్నారు. అంత్యక్రియలు కాకుండా పోయినవాడి పేర పిట్టకు అన్నం పెట్టవచ్చా అని గదిలో పెద్ద తర్జనభర్జనే జరిగింది. చివరికి, మనిషి పోయింది ఇక్కడ కదా, మూడొద్దులకు ఇక్కడే పెడదామన్నారు. మిద్దె పైన పిట్టగోడ మీద విస్తట్లో అన్నం, వేట కూర పెట్టారు. ఎల్లన్నకు కల్లంటే ప్రాణం. ఈ దేశంలో కల్లెక్కడిది? గ్లాసులో లబన్ మజ్జిగ పోసి, చూడటానికి తెల్లగానే ఉంది కదా అనుకున్నారు. దూరం జరిగి నిలబడ్డారు.

ఉనైజాలో కాకి లేదు. పావురాలు వచ్చాయి గానీ విస్తరి దగ్గరికి రాకుండా గోడ చివర కూర్చున్నాయి. పిట్ట ముట్టలేదంటే పోయినవాడికి ఏదో కోరిక మిగిలినట్టే. అదేదో కనిపెట్టి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. కొడుకును చదివిస్తామన్నారు. నీ భార్య ఊర్మిలక్కను మరువబోమన్నారు. నీ రేడియో భద్రంగా ఇంటికి పంపుతామన్నారు. ఎంత మొక్కినా పావురాలు కదల్లేదు. పనికి పోయే బండి వచ్చి హారన్ కొడితే అందరూ తలలు వంచుకుని దిగిపోయారు.

ఆ సాయంత్రం ఊర్మిలక్క ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఒక్కటే అడిగింది.

"తమ్మీ, పిట్ట ముట్టిందా?"

"ముట్టిందక్కా" అన్నాడు జనార్దన్. ఆ గొంతు విన్నవాడు ఎవడైనా అదే మాట అనేవాడు.

తర్వాత కొన్నేళ్ళకు, గోడలు కూలేలా ఉన్నాయని బలదియా, అంటే మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి కూలివాళ్ళను ఖాళీ చేయించి తాళం వేశారు. జనార్దన్ రియాద్‌లో కట్టడాల మీద పనిచేశాడు, హాయిల్‌లో గోధుమ పొలాల్లో చేశాడు, తిరిగి తిరిగి మళ్ళీ ఉనైజాకే వచ్చాడు. ఎక్కడున్నా మంచి కూర వండుకున్న రోజున ఆ విస్తరి గుర్తొచ్చేది. ఎల్లన్నకు ఏం కావాలో తెలియలేదే అని ముద్ద మింగుడు పడేది కాదు.

మిద్దె పనిలో పై గదిని అడిగి తీసుకున్నాడు. మట్టిలో గడ్డి కలిపి తొక్కి, నానబెట్టి, మళ్ళీ తొక్కి గోడలకు మెత్తాలి. మూలన తాము వండుకున్న పొయ్యి మసి ఇంకా నల్లగా ఉంది. డబ్బా తగిలించిన మేకు కూడా ఉంది. మేకు పీకేశారు. మసి మీద జనార్దన్ తన చేత్తోనే కొత్త మట్టి మెత్తాడు. పని పని కదా. కానీ ఆ మూలను చివరిదాకా ఆపి, ఆఖరున మెత్తాడు.

ఈ ఇల్లు తెరవాలని పట్టుబట్టింది ఇంటివాళ్ళ మనవరాలు ఆయేషా. రియాద్‌లో చదువుకుని వచ్చింది. ప్రతి దూలం దగ్గరా ఆగి చేత్తో తడిమి చూసే మనిషి. తెరిచే రోజు దగ్గర పడ్డాక గది గదికీ తిరుగుతూ, వచ్చేవాళ్ళకు చెప్పాల్సిన మాటలు పైకి చెప్పుకుంటోంది. పై గదిలోకి వచ్చి, తాతగారు వెళ్ళిపోయాక ఈ ఇల్లు ఇన్నేళ్ళూ ఖాళీగా పడి ఉందని అరబ్బీలో అన్నది. జనార్దన్‌కు పని అరబ్బీ వచ్చు. ఆ ముక్క బాగానే అర్థమైంది.

అయినా నమ్మలేక మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ బాబ్జాన్‌ది కడప.

"ఖాళీగ ఉండె అన్నదా, భాయ్?"

"అనె. ఖాళీగానే ఉన్నింది కదప్పా, తాళమేసి."

ఎవరూ లేని ఇంట్లో మరి ఎల్లన్న ఎలా చచ్చిపోయాడు? జనార్దన్‌కు కోపం వచ్చింది, దాని వెనకే దుఃఖం వచ్చింది. మసి కప్పింది తన చేయే. ఇక ఈ మాట కూడా ఊళ్ళో పాతుకుపోతే, ఎల్లన్న ఇక్కడ బతికిన ఆనవాలే ఉండదు.

తెరిచే రోజున పొద్దున్నే తను ఉండే గదిలో అన్నం, వేట కూర వండాడు. పళ్ళెంలో పెట్టుకుని మిద్దె ఎక్కి, కొత్తగా మెత్తిన పిట్టగోడ మీద ఉంచాడు. పక్కన గ్లాసెడు లబన్ పెట్టి దండం పెట్టాడు. ఆఖరిసారి అన్నీ సరిచూసుకోవడానికి పైకొచ్చిన బాబ్జాన్ అది చూసి గతుక్కుమన్నాడు.

"ఏందప్పా ఇది? ఊరి పెద్దలంతా వస్తాండారు. కడిగినట్టుండే మిద్దె మీద ఎంగిలి పళ్ళెం పెడ్తివే. తీసెయ్."

"ఎంగిలి గాదు భాయ్. ఎల్లన్నది."

"ఎవరా ఎల్లన్న?"

అప్పుడే ఆయేషా మెట్లెక్కి వచ్చింది. పళ్ళెం చూసి ఆగిపోయింది. జనార్దన్ ఆమెను చూశాడు, బాబ్జాన్ వైపు తిరిగాడు.

"గీ పై అర్రల పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. ఈన్నే పెట్టినం, పిట్ట ముట్టలే. మేడమేమో ఇల్లు ఖాళీగ ఉండె అంటున్నది. ఖాళీగ లేకుండె భాయ్. మేమున్నం. గా ఒక్క మాట చెప్పు, తర్వాత నన్ను పనిల నుంచి తీసేసినా సరే."

కడపలో బాబ్జాన్ పక్కింటివాళ్ళు కాకికి పెట్టేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళతో పాటు మిద్దె మీద నిలబడి కాకి కోసం ఎదురుచూసినవాడే. ఆయేషాకు అరబ్బీలో నెమ్మదిగా, విడమరిచి చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నది. పోయినాయన పేరేమిటని అడిగింది. జనార్దన్ పేరూ చెప్పాడు, శుక్రవారాలు వాకిట్లో పాడే సంగతీ చెప్పాడు. ఆమె ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది.

"వాళ్ళ తాత ఎప్పుడూ చెప్పలేదంట" అన్నాడు బాబ్జాన్. "కూలోళ్ళకి అద్దెకిచ్చినామని చెప్పుకునేదానికి ఇంట్లో నామోషీ పడినారంట. పళ్ళెం ఉండనీ అంటాంది."

మధ్యాహ్నం దాటి అసర్ నమాజు అయ్యాక అతిథులు వచ్చారు. వాకిట్లో కహ్వా కాఫీ, ఖర్జూరాలు అందించారు. పనివాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని గోడవారన నిలబడ్డారు. జనార్దన్ మాత్రం పై గది బయట మెట్ల మీద ఉన్నాడు. ఆయేషా అతిథులతో గదిలోకి వెళ్ళింది. మా వాళ్ళు వెళ్ళిపోయాక ఈ ఇంట్లో దూరదేశాల మనుషులున్నారు, మన తోటలకు నీళ్ళు పెట్టిందీ, మన విల్లాలు కట్టిందీ వాళ్ళేనని చెప్పింది. వాళ్ళలో ఎల్లన్న అనే ఆయన శుక్రవారాలు ఈ వాకిట్లో పాడేవాడని, ఈ గదిలోనే కన్నుమూశాడని అన్నది. ఇల్లు ఖాళీగా లేదు అన్నది. కొందరు మొహమొహాలు చూసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఆ పేరును మెల్లగా తనలో తాను పలికాడు.

జనార్దన్ మెట్లెక్కి మిద్దె మీదికి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఈ మధ్య ఏండ్లలో ఉనైజాకు గోరింకలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియదు. ఒక గోరింక పళ్ళెం అంచున కూర్చుని కూర ముక్క పీకుతోంది. ఇంకొకటి వచ్చి అన్నం మీద వాలింది. జనార్దన్ చప్పుడు కాకుండా అక్కడే కూలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని ఫోన్ తీశాడు. ఊర్మిలక్క నంబరు దొరికింది. నొక్కబోయి ఆగాడు. పిట్ట ముట్టిందని ఆమె ఎప్పుడో నమ్మింది. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళూ నిద్రపోయింది. ఇప్పుడు ముట్టిందని చెబితే, అప్పుడు ముట్టలేదని చెప్పినట్టే. లోకంలో ఈ మాట వినాల్సిన మనిషి ఆమె ఒక్కతే, ఆమెకే చెప్పడానికి లేదు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గోరింకలు తిని ఎగిరిపోయేదాకా కూర్చుని, పళ్ళెం తీసుకుని కడగడానికి కిందికి దిగాడు.