లారీ కొనేముందు సూర్యాపేట దాకా వెళ్ళొచ్చాం

గడ్డిఅన్నారంలో మాకో కర్రీ పాయింట్ ఉంది, నడిపేది నేనే. పండ్ల మార్కెట్ పక్కనే ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నమైతే హమాలీలు, లారీ డ్రైవర్లు ఎగబడేవాళ్ళు. మార్కెట్ ఊరి బయటికి పోయింది, మా గిరాకీనీ వెంటబెట్టుకుపోయింది. మా ఆయన యాదగిరి ఇరవై ఏళ్ళుగా ఎవరెవరివో లారీలు తోలుతున్నారు. దుకాణం అమ్మేసి, ఆ డబ్బు ముందుగా కట్టి, సొంతంగా పది టైర్ల లారీ తీసుకుందామని ఇద్దరం అనుకున్నాం. ఆయన మనసు ఒక కొత్త మోడల్ మీద పడింది. షోరూమువాళ్ళు చెప్పే మైలేజీ వింటే లారీ గాలి పీల్చుకుని నడుస్తుందేమో అనిపించింది. లారీ ఓనరు నిలబడ్డా మునిగినా డీజిల్ దగ్గరే కదా! "నా కళ్ళతో చూడందే దుకాణం తాళం ఎవరికీ ఇవ్వను" అని తెగేసి చెప్పాను.

అదే మోడల్ లారీ సైదులుకి ఉంది. ఒకప్పుడు మా ఆయన దగ్గర క్లీనరుగా చేరి, ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. ఇప్పటికీ ఆయన్ని ఉస్తాద్ అనే పిలుస్తాడు. సూర్యాపేటకు ఇనుప చువ్వల లోడు వేసుకెళ్తున్నానని, రమ్మని అన్నాడు. పగటిపూట పెద్ద లారీలను సిటీలోకి రానివ్వరు కాబట్టి హయత్‌నగర్‌లో ఎక్కాలి. పొద్దున ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగాం, అక్కడి నుంచి సిటీ బస్సు. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి నాది జీరో టికెట్, ఆయనది డబ్బులిచ్చే టికెట్. దానికే మొహం ముడుచుకున్నారు మహానుభావుడు. చీర కట్టుకుని లారీ ఎక్కడం మాత్రం ఓ సర్కస్. మీరు వెళ్తే చుడీదార్ వేసుకోండి.

ఏడింటికి బండి కదిలింది. స్టీరింగు వెనకాల ఉన్న చిన్న తెర చూపించాడు సైదులు. "వదినా, గా అంకె మీద కన్నేసి ఉంచు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లొస్తున్నయో గదే చెప్తది." చదును రోడ్డు మీద నాలుగు, అయిదు. ఎత్తు ఎక్కేటప్పుడు రెండుకు పడిపోయేది, నా గుండె కూడా దాంతోపాటే. దిగుడు వచ్చినప్పుడు సైదులు కాలు తీసేస్తే అంకె పైపైకి పోయి, చివరికి అంకే లేకుండా గీతలు కనిపించేవి. చౌటుప్పల్ టోల్ దాటాక ఇడ్లీ తిన్నాం, పదిన్నరకల్లా సూర్యాపేట. దారి మొత్తానికి సగటు నాలుగున్నర పైనే వచ్చింది. బరువు మీదున్న లారీకి అది మంచి మైలేజీ అట. ఇనుము దింపి, మెస్సులో భోంచేసి, బియ్యం బస్తాలు ఎక్కించేసరికి మూడైంది.

తిరుగు దారిలో సైదులు స్టీరింగు ఉస్తాద్‌కి ఇచ్చాడు. మా ఆయన మొహంలో పెళ్ళికళ వచ్చేసింది! మొదటి దిగుడులోనే ఠక్కున న్యూట్రల్ చేశారు. ఇంజన్ చప్పుడు మెత్తబడింది. "జూడు, గిట్ల ఇడిస్తే డీజిల్ మిగుల్తది" అన్నారు నావైపు తిరిగి. నేను తెర చూశాను. పొద్దున గీతలు పడ్డ చోట ఇప్పుడు ముప్ఫై చిల్లర దగ్గరే ఆగిపోయింది. ప్రతి దిగుడులో అదే తంతు. నకిరేకల్ వచ్చేసరికి తిరుగు దారి సగటు నాలుగు లోపుకు జారింది. హైదరాబాద్ వైపు ఎత్తు కాబట్టి కొంత తగ్గుతుందని తెలుసు, కానీ ఇంతా?

"సుజాతా, గీ బండి మనకొద్దు. సైదులు తోల్తే వస్తది, నాతోని కాదు" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట 'నాతోని కాదు' అనే మాట నేను వినలేదు. సైదులేమో కిటికీలోంచి బయటి పొలాలు లెక్కపెడుతున్నాడు. పని నేర్పిన ఉస్తాద్‌కి తప్పు చెప్పడానికి వాడికి నోరు రావడం లేదని అప్పుడర్థమైంది. ఇక నేనే అడిగాను.

"ఏరా సైదులూ, పొద్దున నువ్వు దిగుడులో గేరు ముట్టుకోలేదేం?"

"గదేం లేదు వదినా..." అని నసిగి, నాకే చెప్తున్నట్టు మొదలుపెట్టాడు. "గీ కొత్త ఇంజన్లల్ల గేర్లనే ఉంచి కాలు తీస్తే డీజిల్ బందైతది. టైర్లే ఇంజన్‌ని తిప్పుతయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగకుండ ఉండనీకి జర జర తాగుతనే ఉంటది."

"గేర్ల ఉంటె గంత సప్పుడు చేస్కుంట తాగదా? ఏం మాట్లాడ్తున్నవ్‌రా!" అన్నారు మా ఆయన.

"ఏమండీ, పొయ్యి సిమ్‌లో పెడితే చప్పుడుంటుందా? గ్యాసు అయిపోవట్లేదూ? కట్టేస్తేనే కదా ఆగేది! మీ న్యూట్రల్ సిమ్మండీ. వాడు చేసేది కట్టేయడం" అన్నాను.

తర్వాతి దిగుడులో ఆయన చెయ్యి అలవాటుగా గేరు రాడ్ దాకా పోయి, ఆగి, వెనక్కొచ్చింది. తెర మీద అంకె లేచి లేచి గీతలైపోయింది. "ఓర్నీ!" అని అరిచారు. ఇక అక్కణ్ణుంచి ఎత్తు ఎక్కినంతసేపూ దిగుడు ఎప్పుడొస్తుందా అని ఒకటే ఆత్రం. ఆరున్నరకు హయత్‌నగర్ చేరేసరికి సగటు మళ్ళీ నాలుగు దాటింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

లారీ కొనబోయే వాళ్ళకు ఒక్కటే చెప్తాను. అదే మోడల్ ఎవరి దగ్గరుందో వెతికి పట్టుకుని, లోడు మీద ఒక రోజు మీరే తోలి చూడండి. వెళ్ళేముందు, వచ్చాక ట్యాంకు నిండా పోయించి తెర చెప్పేది నిజమో కాదో సరిచూసుకోండి. న్యూట్రల్ జోలికి పోకండి, అలా వదిలితే దిగుడులో బండి బ్రేకుకు లొంగదు కూడా. బండి మంచిదైతే సరిపోతుందనుకుని బయల్దేరాను. కొత్త బండి వస్తే పాత చెయ్యి కూడా మారాలని, ఇరవై ఏళ్ళ అలవాటున్న మనిషి ఒక దిగుడులో మారగలడని ఆ రోజు చూశాను. మర్నాడే దుకాణం అడిగినవాళ్ళకు సరేనని కబురు పెట్టాను. కొత్త లారీ ముందు ఎవరి పేరు రాయించాలని సైదులు ఫోన్‌లో అడిగితే మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ వదినదే రాయి. పైసలు ఆమెవి, మైలేజ్ గూడ ఆమెదే."