దొర ముఖం చదివిన దొనాతో

దొనాతో స్కార్పిట్టి చివరగా చేసిన పని, ఎండు రొట్టె ముక్కను కాఫీలో ముంచుకుని, కాఫీ చల్లారిపోయిందని కూతురి మీద విసుక్కోవడం. ఎర్సీలియా వేడిచేసి తెచ్చేసరికి ఆయన కుర్చీలోనే తల వాల్చేశాడు.

న్యూయార్కులో ఆ ఇటలీవాళ్ల వీధిలో మంగలి దొనాతోకి దక్కిన గౌరవమంతా ఒక్క గడ్డం వల్ల వచ్చింది. అది థ్రాక్‌మోర్ దొర గడ్డం. పాలమ్ముకునే ఇంట పుట్టి, బ్యాంకులో సిరాబుడ్లు నింపే పనికి చేరి, దివాలా తీసిన రైలు కంపెనీలను కారుచౌకగా కొని కలిపి, ఆఖరికి బ్యాంకుకే యజమాని అయిన మనిషి. ఆయన కనుబొమ్మ ముడిస్తే వాల్ స్ట్రీటులో గుండెలు జారేవి. రోజూ పొద్దున్నే దొర ఇంటికెళ్లి ఆ చెంపల మీద కత్తి నడిపేవాడు మనవాడే కదా అని, వీధంతా చెమటోడ్చిన సొమ్ము ఆ బ్యాంకులోనే దాచింది.

చాలా ఏళ్ల కిందట, బ్యాంకులు వరసగా మూతపడుతున్న ఒక అక్టోబరులో జనం దొనాతో చుట్టూ మూగారు. ఆయన బావమరిది సవీనో పళ్లబండి తోసి తోసి, దుకాణం పెట్టుకోవాలని కూడబెట్టుకున్నవాడు.

"బావా, కబుర్లొద్దు. తీసెయ్యనా, ఉంచనా?"

"భయపడ్డవాడి చెంప కత్తి కింద బిగుసుకుంటుందిరా. దొర చెంప నానిన పిండిముద్దలా ఉంది. ఉంచు."

"నీ పిండిముద్దను నమ్మి వెళ్తున్నా. తేడా వచ్చిందో, నీ సబ్బు నురగ నీకే తినిపిస్తా."

ఆ వారం తిరక్కుండానే బ్యాంకు మూతపడింది. దొర మాత్రం కొన్నాళ్లకే ఇంకా పెద్ద బ్యాంకు తెరిచాడు. దొనాతో ఎప్పటిలాగే వెళ్లి ఆయనకు గడ్డం గీసి వచ్చేవాడు. దొరతో కుమ్మక్కై సొంతవాళ్లనే ముంచాడని వీధి చెప్పుకుంది. సవీనో ఆ గడప తొక్కడం మానేశాడు. ఉంచమని ఎందుకు చెప్పావని ఎర్సీలియా ఎన్నిసార్లు అడిగినా తండ్రి "అలాగే అనిపించిందమ్మా" అనేవాడు, అంతే.

ఆయన పోయిన రోజు ఆమె మేనమామ ఇంటికి వెళ్లింది. శవపేటికకు భుజం పట్టాల్సిన దగ్గరివాడు అతనొక్కడే.

"నాన్న డబ్బూ అందులోనే పోయింది కదా మావయ్యా. ఎవడైనా తన గొంతు తనే కోసుకుంటాడా?"

"అదేనే, ఇన్నేళ్లుగా నాకూ అంతుపట్టనిది."

"ఆ దొర అలాంటివాడు. వాడి చెంప కూడా అబద్ధమాడింది. నాన్న మోసపోయాడు. మోసం చెయ్యలేదు."

సవీనో టోపీ అందుకుని ఆమె వెంట వచ్చాడు. చర్చి మెట్లమీద పేటిక ముందువైపు అతనే మోశాడు. ఏడ్చాడు కూడా.

అంతా వెళ్లిపోయాక, దొర ఇంట్లో వంట చేసే ఐర్లండు ముసలమ్మ బ్రైడీ ఎర్సీలియా చేయి పట్టుకుంది. మీ నాన్న ఎంత ఓర్పుగల మనిషో అని మెచ్చుకుంటూ చెప్పింది: ఆ అక్టోబరు గొడవ మొదలైనప్పటి నుంచి బ్యాంకు మూసేదాకా దొరగారు ఇంటికే రాలేదట. దొనాతో రోజూ పొద్దున్నే వచ్చి, వంటగదిలో కూర్చుని కాఫీ తాగి, కత్తుల సంచీ విప్పకుండానే వెళ్లిపోయేవాడట.