పాలస్తీనా సారు

ఖమ్మంలో నా దగ్గర చదువుకున్నవాళ్లు నన్ను ఇప్పటికీ 'పాలస్తీనా సారు' అంటారు. బస్టాండులోనో, కూరగాయల బండి దగ్గరో ఎవరో వెనక నుంచి ఆ పేరుతో పలకరిస్తారు. తిరిగి చూసి నవ్వుతాను. నవ్వుతూనే మాట మార్చేస్తాను. ఎన్నో ఏళ్లుగా ఇంతే. ఏ పాఠం వల్ల నాకు ఆ పేరు వచ్చిందో, ఆ పాఠం నాది కాదు. ఈ పొద్దుటి దాకా ఈ మాట ఎవరితోనూ అనలేదు. నా భార్యతో కూడా. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒకటి చెప్పాలి. నేను కష్టాల్లో ఉన్న మనిషిని కాను. చరిత్ర చెప్పుకుని బతికాను, ఆ పని ఇష్టంగా చేశాను. మధ్యాహ్నం నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది, పాత విద్యార్థులు పండ్లు పట్టుకుని వస్తారు. తృప్తిగానే ఉన్నాను. నన్ను తొలిచేది కూడా అదేనేమో. తప్పు చేసినవాడు ఇంత తృప్తిగా ఉండొచ్చా?

రెండువేల ఆరు, వానాకాలం. గ్రూప్స్ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కోచింగ్ సెంటర్లో ప్రపంచ చరిత్ర చెప్పేవాణ్ని. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే క్లాసంతా దగ్గేది. ఆ రోజుల్లో లెబనాన్ యుద్ధం పేపర్ల నిండా ఉంది. పరీక్షలో ఆ ప్రాంతం మీద ప్రశ్న తప్పదని అందరి నమ్మకం. నేను చెప్పేవాణ్ని, కానీ తేదీలూ ఒప్పందాలూ తప్ప నా దగ్గర ఏమీ లేదు. యూరప్‌లో యూదుల్ని తరిమారు, కొందరు పాలస్తీనా చేరారు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు అరబ్బులకు స్వతంత్రం ఇస్తామన్నారు, యూదులకు అక్కడే జాతీయ నివాసం అన్నారు, చాటుగా ఫ్రెంచివాళ్లతో కలిసి పటం మీద గీతలు గీసుకున్నారు. నలభై ఎనిమిదిలో యూదుల దేశం ఏర్పడగానే చుట్టుపక్కల దేశాలు యుద్ధానికి దిగాయి, ఎవరి లెక్క వాళ్లది. ఇంతవరకు చెప్పేసరికి క్లాసు రెండుగా చీలేది. నేల మొదట ఎవరిదని ఒకళ్లు, ఇళ్లు పోయింది ఎవరికని ఇంకొకళ్లు. నేను బల్ల చరిచి, రెండు వైపులా రాసి ముందుకు పొండి అనేవాణ్ని.

ఆ వారం టెస్టులో అదే ప్రశ్న ఇచ్చాను. అరబ్బులకూ యూదులకూ మధ్య ఆధునిక ఘర్షణకు మూలాలు వివరించండి.

సాయంత్రం బ్యాచిలో ఒక కోయ అమ్మాయి ఉండేది. ములకలపల్లి దాటాక, అడవి అంచున ఉన్న పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. కిటికీ పక్కన కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు. పేరు జోగమ్మ. ఆదివారం పొద్దున ఇంట్లో పేపర్లు దిద్దుతూ ఆమెది తీశాను. చదివాను. మళ్లీ చదివాను. టీ చల్లారిపోయింది.

తేదీలన్నీ సరిగ్గా రాసి, తర్వాత తన ఊరి సంగతి రాసింది. రాష్ట్ర సరిహద్దు అవతల గొడవలకు భయపడి కొన్ని కుటుంబాలు, పిల్లల్ని భుజాన వేసుకుని, వీళ్ల ఊరి పైన వాగు దగ్గరకు వచ్చి గుడిసెలు వేసుకున్నాయట. భాష ఒకటే. దేవుళ్లు ఒకటే. మొదటి వారం జోగమ్మ తల్లే వాళ్లకు జొన్నలు పెట్టిందట. రెండో ఎండాకాలానికి, పువ్వు ఎవరు ఏరుకోవాలని ఇప్పచెట్ల దగ్గర తగాదా మొదలైంది. జీపులో ఒక పెద్దమనిషి వచ్చి, వాగు దగ్గరవాళ్లతో మీకేం భయం లేదు ఇక్కడే ఉండండి అన్నాడు. కిందికి దిగి, ఊరివాళ్లతో వాళ్లను త్వరలోనే పంపించేస్తాం అన్నాడు. బ్రిటిష్ మంత్రి ఇచ్చిన హామీ ఉత్తరంలో అక్కడి అరబ్బులను అరబ్బులు అని కూడా అనలేదని, యూదులు కానివాళ్లు అని మాత్రమే ఉందని నేను ఎప్పుడో క్లాసులో చెప్పాను. అది పట్టుకుంది ఆ పిల్ల. తమ పోడు చేల గురించి వచ్చే కాగితాల్లోనూ తమ పేరు ఉండదని రాసింది. చివర ఇలా ముగించింది: పారిపోయి వచ్చినవాళ్ల భయం నిజం. ముందు నుంచి ఉన్నవాళ్ల భయమూ నిజం. ఇద్దరికీ మాట ఇచ్చి వెళ్లిపోయినవాడికి మాత్రం ఏ భయమూ లేదు.

అప్పటికే ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నాను. అలాంటి మూడు వాక్యాలు నాకెందుకు తట్టలేదు? సంతోషపడ్డానా, కుళ్లుకున్నానా? రెండూ అనుకుంటాను. ఎర్ర సిరాతో పదికి ఆరు వేసి, పక్కన 'సొంత అనుభవాలు రాయకూడదు' అని రాశాను.

సోమవారం పొద్దుటి బ్యాచిలో ఆ పాఠం మళ్లీ ఎత్తుకున్నాను. ఎందుకు ఎత్తుకున్నానో అడగకండి. మన అడవి పల్లెల్లోనే చూడండి అని మొదలుపెట్టి వాగు, ఇప్పచెట్లు, జీపు, రెండు భయాలు, అంతా చెప్పాను. ఎప్పుడూ చెరో వైపు చేరి అరుచుకునే ఇద్దరు కుర్రాళ్లు తలలు వంచి రాసుకుంటున్నారు. ఒకడి నాన్నకు మసీదు పక్కన గడియారాల దుకాణం, పక్కవాడి నాన్న పూజారి. క్లాసు అయ్యాక ఇద్దరూ కలిసే బయటికి వెళ్లారు. అంతమంది అంత నిశ్శబ్దంగా నా మాట వినడం అదే మొదటిసారి. ఆ రుచి మరిగాను.

సాయంత్రం కూడా చెప్పాను. కిటికీ పక్కన ఆమె ఉందని నాకు తెలుసు. చివర్లో పేరు చెబుదాంలే అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. చివర వచ్చింది. చప్పట్లు కొట్టారు. పేరు నోట్లోనే ఉండిపోయింది.

జోగమ్మ లేచి నిలబడింది.

"సార్, గా మాటలు నేను పేపర్ల రాసినయే గద?"

అందరూ వెనక్కి తిరిగారు.

"ఏ మాటలమ్మా?" అన్నాను.

"గదే సార్, రెండు భయాల మాట. ఇప్పచెట్ల కాడ లొల్లి. గది మా ఊరు సార్."

అప్పుడైనా అవును అని ఉండొచ్చు. ఒక్క మాట. ఎవరూ నన్ను తక్కువగా చూసేవాళ్లు కాదు. పైగా మెచ్చుకునేవాళ్లు.

"చూడమ్మా, ఈ పాఠం నేను ఏండ్ల సంది చెప్తున్న. నా క్లాసుల విని నువ్వు రాసినవ్. మంచిదే. గని నాది అంటే ఎట్ల?"

ఎవరో నవ్వారు. ఆమె నా వైపు చూసింది. కోపం కూడా కాదు. ఒక మనిషి ఏమిటో తెలిసిపోయినప్పుడు చూసే చూపు.

"అవ్ సార్" అని కూర్చుంది.

నాలుగు రోజులు వచ్చింది. తర్వాత రాలేదు. హాస్టల్ ఖాళీ చేసిందని ఎవరో అన్నారు. నేను ఆరా తీయలేదు. ఆ పాఠం మాత్రం నన్ను ఎక్కడెక్కడికో తీసుకెళ్లింది. వేరే ఊళ్ల సెంటర్లు పిలిచాయి. ఒక గైడులో నా పేరు మీద అచ్చయింది. పేరు పెట్టి పిలవడం మానేసి పాలస్తీనా సారు అనడం అప్పుడే మొదలైంది.

మూడేళ్లకు, ఒక విద్యార్థి పెళ్లికని ములకలపల్లి దాటి వెళ్లాను. తిరుగు బస్సు కోసం ఒక బడి గోడ పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం అన్నాల వేళ. పిల్లల పళ్లాల మధ్య నుంచి టీచరమ్మ వచ్చింది. జోగమ్మ.

"బాగున్నరా సార్? ఎండల నిలబడ్డరు, లోపలికి రాండ్రి."

కుర్చీ వేసింది. నీళ్లు ఇచ్చింది. గ్రూప్స్ వదిలేసి టీచర్ పరీక్ష రాశానని, సొంత ఊరి బడిలోనే ఉద్యోగం వచ్చిందని చెప్పింది. వాగు దగ్గరి పిల్లలూ ఊరి పిల్లలూ ఒకే బంతిలో కూర్చుని తింటున్నారని చూపించింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చూశావా, బాగానే ఉంది, నీ వల్ల ఏం చెడిపోలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె తన కష్టంతో నిలబడితే దాన్నీ నా ఖాతాలో వేసుకున్నాను.

"గా పాఠం ఇంక చెప్తున్నరా సార్?" అంది.

"అవ్, చెప్తున్న."

"నేను అప్పుడు సగమే రాసిన సార్. జీపుల వచ్చినాయన మీదనే అంతా ఏసిన. తర్వాత ఏడు మా అన్ననే పోయి వాళ్ల గుడిసె పీకిండు. గట్ల చెయ్యమని మా అన్నకు ఎవరూ చెప్పలే. ఆయనంతట ఆయనే పీకిండు. అది గూడ రాయాలె గద?"

నేను తల ఊపాను. 'నేను రాసిన' అంది. నా ముందే, ఏ గొడవా లేకుండా, నిజాన్ని దాని చోట పెట్టి పిల్లలకు పప్పు వడ్డించడానికి వెళ్లింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? బస్సు హారన్ వినిపించింది. లేచాను.

ఇక అసలు సిగ్గుపడాల్సింది ఇది. తర్వాతి బ్యాచిలో ఆ రెండో సగం కూడా చెప్పాను. దూరం నుంచి మాట ఇచ్చినవాడి తప్పు పెద్దది, కానీ పొరుగువాడి గుడిసె పీకిన చెయ్యి మనదే అని. ఎక్కువ చప్పట్లు వచ్చాయి. పేరు చెప్పలేదు. మొదటిసారి భయపడి దాచాను అనుకుందాం. రెండోసారికి ఏం పేరు పెట్టను?

కిందటి నెల పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. ఇప్పుడు అతనూ చరిత్ర చెబుతున్నాడు. నా పాఠాన్ని తన పుస్తకంలో వేసుకుంటానని, కింద నా పేరు ఎలా రాయాలని మర్యాదగా అడిగాడు. చెబుతాలే అన్నాను. నెల రోజులుగా చెప్పలేదు. ఈ పొద్దున ఫోన్ తీసి, ఆ పాఠం నాది కాదని, ఎవరిదో చెప్పాను. సరే సార్, మార్చి వేస్తా అన్నాడు. అంతే. అతని గొంతులో నా మీద గౌరవం కొంచెం తగ్గింది. తగ్గాల్సిందే.

జోగమ్మను క్షమాపణ అడగను. అడిగితే ఆమె దగ్గర నుంచి ఇంకొకటి తీసుకోబోయినట్టే. ఇస్తే నేను తేలిక పడతాను, ఇవ్వకపోతే ఆమె మీదే బరువు పెట్టినట్టు. ఆమెకు నా నుంచి రావలసింది ఒక్కటే, అది ఇక్కడ పెడుతున్నాను. ఆ పాఠం కుంజా జోగమ్మది. మొదటి సగమూ, రెండో సగమూ. ఇన్నేళ్లలో ఆ పేరు నా చేత్తో రాయడం ఇదే మొదటిసారి. ఇంటిపేరుతో సహా రాశాను.