గైడు శివప్రకాశం కల్పించిన ఊట కథ

వేలూరు దగ్గర గుడియాత్తంలో నేసిన లుంగీలు మూటలు కట్టుకుని పద్నాలుగేళ్ళు సిక్కిం కొండల కింది సిలిగురి సంతలకు తిరిగినవాడు శివప్రకాశం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆ తిరుగుళ్ళలో పట్టుబడిన హిందీ, ఈ మూడు తప్ప అతనికి వేరే విద్య లేదు. మరమగ్గాలు వచ్చి చేతి లుంగీల బేరం పడిపోయాక, వేలూరులో యాత్రల ఆఫీసు నడిపే దినకర్ అతణ్ణి గైడుగా పెట్టుకున్నాడు. సిక్కిం కొండల్లో బౌద్ధ మఠాలు చూపించాలి, కొండదారుల్లో జనాన్ని నడిపించాలి. బుద్ధుడి గురించి శివప్రకాశానికి తెలిసింది చిన్నప్పుడు బళ్ళో విన్నంత మటుకే.

"తెలిసింది చెప్పు, తెలీంది కల్పించి చెప్పు. జనం కునుకు తీయకూడదు, అంతే," అన్నాడు దినకర్.

అట్లా కల్పించినవాటిలో ఒకటి ఊట కథ. ఒక మఠం వెనక నుంచి రెండు గంటల ఎక్కుడు దారి ఉంది. పైన గుహ, గుహలో చిన్న నీటి ఊట. వెనకటికి ఎవరో పెద్ద భిక్షువు అక్కడ ధ్యానం చేశాడని మాత్రం మఠంవాళ్ళు చెబుతారు. ఒకసారి సగం దారిలో జనం కాళ్ళు పట్టుకుని కూలబడితే శివప్రకాశం నోటికి వచ్చింది అనేశాడు. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే పరగడుపున ఎక్కి, ఆ మనిషి పేరు మూడుసార్లు తలచుకుని ఊట నీళ్ళు తాగితే జబ్బు దిగిపోతుందని. కూలబడినవాళ్ళంతా లేచి నడిచారు. ఆ తర్వాత ప్రతి యాత్రలోనూ చెప్పాడు. చెప్పగా చెప్పగా, అది ఎవరో తనకు చెప్పిన మాటేనేమో అని అతనికే అనిపించసాగింది.

పోయిన అక్టోబరులో పద్దెనిమిది మందితో ఆ మఠానికి చేరిన సాయంత్రమే వాన పట్టుకుంది. తెల్లారేసరికి కింద కొండచరియ విరిగి రోడ్డును మింగేసింది. ఫోన్లకు సిగ్నలు లేదు. చెమ్మ పట్టిన నాలుగు గదులు, పొద్దున ఉడికించిన ఉర్లగడ్డ దుంపలు, రాత్రి ఉర్లగడ్డ. శివప్రకాశం ఏ గదిలోకి అడుగుపెట్టినా ఒకటే ప్రశ్న: ఎప్పుడు పోతాము? తానే రోడ్డును మూసేసినట్టు చూసేవాళ్ళు. వంటింట్లో నిలబడితే అక్కడికీ వచ్చేవాళ్ళు. గుహ దారి జారుతోంది, ఎవరూ ఎక్కవద్దని భిక్షువులు గట్టిగా చెప్పారు. అది విన్నప్పుడు అందరిలోకీ ముఖం మాడిపోయింది అమరావతికి. శివప్రకాశం ఉండే గుడియాత్తందే, నేతగాళ్ళ ఇంటి ఆడమనిషి, యాభై రెండేళ్ళుంటాయి. బస్సులో ఎవరితోనూ కలవకుండా కూర్చునేది.

మూడో రోజు పొద్దున ఆమె పడక ఖాళీగా ఉంది. ఎక్కడికి పోయిందో వేరే ఎవరూ చెప్పనక్కర లేకపోయింది శివప్రకాశానికి. భిక్షువులకు ఒక మాట చెప్పి, జేబులో బిస్కెట్ పొట్లం వేసుకుని పరుగెత్తాడు.

సగం దారిలో దొరికింది. ముందు దారి కోసుకుపోయి ఉంది. ఆమె బండరాయి కింద ముడుచుకుని కూర్చుంది. అతను అక్కడికి చేరీ చేరక ముందే వెనక రాళ్ళు దొర్లి, వచ్చిన దారి కూడా మూసుకుపోయింది. ముందుకు లేదు, వెనక్కు లేదు. ఇద్దరూ ఆనుకుని కూర్చునేంత జాగా. కాళ్ళ కింద లోయ నిండా మబ్బు.

ఆమె పెదాలు నల్లబడి ఉన్నాయి.

"అక్కా, ఇది తినండి ముందు."

"వద్దు నాయనా. పరగడుపున ఎక్కాల గదా. నువ్వే చెప్పినావు."

"నేను బస్సులో ఈసారి చెప్పనే లేదే!"

"మా వీధి అంజలై పోయిన సంవత్సరం నీతో వచ్చింది. దాని నోట విన్యాను. అది విన్యాకనే ఈ యాత్రకు పేరిచ్చినాను." కొంగు తల మీదికి లాక్కుంది. "మా ఇంటి ఆయప్ప భూపతి వేలూరు ఆస్పత్రిలో పడుండాడు. మూడు నెలలాయ మందు ఎక్కిస్తా ఉండారు. మా చెల్లెల్ని కాపలా పెట్టి వచ్చినాను. వాన నిలిస్తే పోదాము. కండిప్పా పోవాల, పోయే తీరాల."

శివప్రకాశం కోసుకుపోయిన దారిని చూశాడు. వాన నిలిచినా అక్కడ అడుగు పెట్టే చోటు లేదు. ఆమె తినదు. ఎంతసేపు ఇట్లా ఉండాలో తెలియదు. చెప్పకుండా ఉందామని చాలాసేపు చూశాడు. ఆమె తల ఒక పక్కకు వాలిపోవడం చూశాక ఇంక ఆగలేకపోయాడు.

"అక్కా, అది సుమ్మా, ఊరికే నేను కల్పించింది. జనం నడవాలని అట్ల చెప్పినాను. పైన ఊట ఉండాది, అంతే. మందూ లేదు, మహిమా లేదు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. పొట్లం తీసుకుని ఒక బిస్కెట్ నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలింది.

"ఇన్ని దినాలు ఆయప్పని విడిచిపెట్టి వచ్చినాను," అంది చివరికి, తనలో తాను.

మధ్యాహ్నానికి భిక్షువులు మోకులతో వచ్చి ఇద్దర్నీ దింపారు. రోడ్డు తెరుచుకునే దాకా ఇంకో మూడు రోజులు అదే మఠంలో, అదే వరుసలో కూర్చుని తిన్నారు. ఆమె ఎప్పుడు నోరు తెరిచి అందరికీ చెబుతుందోనని అతను అందరికంటే ముందే తిని లేచిపోయేవాడు. ఆమె చెప్పలేదు. తిరిగి వచ్చి వేలూరు పక్క కాట్పాడి స్టేషన్లో దిగాక ఆమె సంచి అందుకోబోతే, అతని చేతిలోంచి లాక్కుని వెళ్ళిపోయింది.

ఇంక కథలు చెప్పనని దినకర్‌తో అన్నాడు శివప్రకాశం. దినకర్ నవ్వి, కొత్తగా అచ్చేయించిన కాగితం చూపించాడు. గుహ బొమ్మ, కింద ఊట కథ, అక్షరం పొల్లు పోకుండా. "ఇది చూసి గదప్పా జనం వస్తా ఉండేది," అన్నాడు. మానేసి పోదామంటే ఎక్కడికి? లుంగీ మూటలు ఇప్పుడు ఎవరు కొంటారు?

అమరావతి ఉండే వీధి వైపు పోకుండా నాలుగు నెలలు గడిపాడు. ఫిబ్రవరిలో అంజలై ఎదురుపడి, భూపతి రమ్మంటున్నాడని చెప్పింది. తప్పించుకునే దారి లేక వెళ్ళాడు.

భూపతి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎముకలకు చర్మం అంటుకుని ఉన్నా కళ్ళు మెరుస్తున్నాయి.

"రా అప్పా, రా! నీ పుణ్యాన లేచి కూర్చున్యాను. మా ఇంటామె పరగడుపున కొండెక్కి, నా పేరు మూడు తూర్లు చెప్పి ఆ నీళ్ళు తాగి వచ్చిందంట గదా. ఆ వారం నుంచే నాకు కూడు లోపలికి దిగింది. ఈమెకు విడమరిచి చెప్పను రాదు. నువ్వు చెప్పు, ఆ గుహ ఎట్ల ఉంటాది?"

వాకిట్లో చుట్టుపక్కలవాళ్ళు నలుగురైదుగురు పోగయ్యారు. అమరావతి కాఫీ గ్లాసుతో గడపలో నిలబడి ఉంది.

"చెప్పు నాయనా," అంది.

శివప్రకాశం చెప్పాడు. గుహలో చీకటి ఎంత చల్లగా ఉంటుందో, ఆమె దోసిలి పట్టి ఎట్లా నిలబడిందో, ఒక్కొక్కసారి పేరు చెప్పినప్పుడు గోడలు ఎట్లా మారు పలికాయో. భూపతి కళ్ళు మూసుకుని విన్నాడు. అంతకు ముందెన్నడూ శివప్రకాశం ఆ కథను అంత బాగా చెప్పలేదు.

వీధి మలుపు దాకా అమరావతి వెంట వచ్చింది.

"డాక్టర్లు ఇంకా రెండు తూర్లు మందెక్కించాల అన్నారు. అందాకా ఆయప్పని ఇట్లే ఉండనీ."

"అంజలై కూతుర్ని తోడుకోని మళ్ళా వస్తానంటా ఉండాది అక్కా. ఆ బిడ్డకు మూర్ఛలంట. దానికేం చెప్పేది?"

"నన్నడిగితే? ఆ కథ నాది కాదు గదా నాయనా," అని ఆమె వెనక్కి తిరిగింది.

ఏప్రిల్ యాత్రకు పంతొమ్మిది మంది వచ్చారు. భిక్షువులు మళ్ళా బాగుచేసిన మఠం వెనక దారి మొదట్లో శివప్రకాశం అందర్నీ ఆపి, అది వట్టి కథ, తానే కల్పించానని బయటికే చెప్పాడు. ఒక పెద్దాయన నవ్వి, గైడుకు ఎక్కేదానికి బద్ధకంగా ఉండాదని అన్నాడు. అంజలై కూతురి చెయ్యి పట్టుకుని ముందుకు వచ్చి నిలబడింది. వాళ్ళెవరూ పొద్దున టీ కూడా తాగలేదు. అతను ఇంకోసారి చెప్పబోయాడు. అప్పటికే జనం ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్ళకు దారి తెలియదు కాబట్టి అతను వాళ్ళను దాటుకుని ముందుకు పోయి నడవాల్సి వచ్చింది.